సగం తెంపిన సామెత

పోలీసు శాఖలోనో, సైన్యంలోనో, పెద్ద కంపెనీలోనో ఘోరం ఏదైనా బయటపడితే చాలు, ఇంగ్లిష్‌లో ఒక మాట తయారుగా ఉంటుంది: ‘ఎ ఫ్యూ బ్యాడ్ యాపిల్స్’, అంటే కొన్ని చెడ్డ యాపిల్ పండ్లు. తప్పు చేసింది ఒకరిద్దరే, అందరినీ ఒకే గాటన కట్టొద్దని దాని భావం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ సామెత మొదట చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులైన సంగతి.

పద్నాలుగో శతాబ్దం చివర ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన కథలో, దారితప్పిన కుర్రాణ్ని పనిలో పెట్టుకున్న యజమానికి ఈ సామెతే గుర్తొస్తుంది: కుళ్లిన పండును రాశిలోంచి ముందే తీసేయకపోతే మిగతావీ కుళ్లిపోతాయి. కుర్రాణ్ని పంపించేస్తాడు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగంలో అచ్చువేసిందీ ఇదే అర్థంతో.

యాపిల్ విషయంలో ఇది అక్షరాలా నిజం కూడా. పాడైన పండు ఇథిలీన్ వాయువును ఎక్కువగా వదులుతుంది. ఆ గాలికి పక్క పండు తొందరగా మాగుతుంది, మాగుతూ తనూ అదే వాయువు వదులుతుంది. మెత్తబడ్డ తొక్కలోకి బూజు తేలిగ్గా దిగుతుంది. బుట్ట పైవరుస నిగనిగలాడుతూనే ఉంటుంది. అడుగున రెండు పండ్లు ఒరుసుకున్న చోట వేలు పెడితే సర్రున లోపలికి దిగబడుతుంది.

ఒక్క పండుతో బుట్టంతా చెడిపోదని 1971లో అమెరికాలో ఒక పాప్ పాట నంబర్ వన్ అయింది. అది ప్రేమపాట, దాన్ని తప్పుపట్టను. నాకు మింగుడుపడనిది అధికారంలో ఉన్నవాళ్లు ‘మిగతావీ కుళ్లిపోతాయి’ అన్నది తెంపేసి, ‘కొన్ని చెడ్డ పండ్లు’ అన్న సగాన్నే వకాల్తాగా వాడుకోవడం. 2004లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు బయటికొచ్చినప్పుడు అదే సమర్థన. 2020లో అమెరికాలో పోలీసుల చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ మరణించిన తర్వాత వైట్‌హౌస్ జాతీయ భద్రతా సలహాదారు నోటా అదే మాట. అబూ గ్రైబ్ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. అది కొందరు సైనికులు తమంతట తాము చేసిన పని కాదని, కఠిన విచారణ పద్ధతులకు పైనుంచే ఆమోదం ఉందని 2008 డిసెంబరులో అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ తేల్చింది.

అందుకే ఈ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘ఒకరిద్దరి తప్పు’ అని రాసి ఊరుకుంటే వాళ్ల వాదనను మనమే పూర్తిచేసిపెట్టినట్టు. అసలు సామెతకు దగ్గరి మాట మనకు ఎప్పటినుంచో ఉంది: కడివెడు పాలకు ఒక్క విషపు చుక్క.