ఆదాయం 8, వ్యయం 14, సలహా: కొనండి

మా అక్క కొడుకు ఈక్విటీ రీసెర్చ్, అంటే కంపెనీల షేర్ల మంచిచెడ్డలు తేల్చి చెప్పే ఉద్యోగానికి ముంబై వెళ్ళి రెండు పరీక్షలు రాయాలి. మొదటిది మోడలింగ్ టెస్టు. కంపెనీ వార్షిక నివేదిక చేతికిచ్చి, రెండు గంటల్లో ఆ కంపెనీ అయిదేళ్ళ భవిష్యత్తును ఎక్సెల్‌లో కట్టమంటారు. రెండోది రైటింగ్ టెస్టు. కట్టిన ఆ భవిష్యత్తును ఒక్క పేజీలో వివరించి, షేరు కొనాలో, ఉంచుకోవాలో, అమ్మాలో తేల్చమంటారు. నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి రిటైరైన మేనమామని కాబట్టి వాడికి తర్ఫీదు ఇచ్చే భారం నా మీద పడింది. అందులో గ్రహించిన రహస్యాలను అభ్యర్థుల మేలు కోరి ఇక్కడ పెడుతున్నాను.

ఇదేదో దలాల్ స్ట్రీట్‌లో పుట్టిన విద్య అని పిల్లలు అనుకుంటున్నారు. ఉగాది నాడు గుడి మండపంలో సిద్ధాంతిగారు చేసేది ఇదే కదా! రాశి చెప్పగానే ఆదాయం 8, వ్యయం 14 అంటారు. అది లాభనష్టాల ఖాతా. రాజపూజ్యం 4, అవమానం 3 అంటారు. అది రేటింగ్. ఆదాయం కన్నా వ్యయం ఎక్కువున్న రాశివాడు కూడా పచ్చడి తిని హాయిగా ఇంటికి పోతాడు. అలాంటి కంపెనీల షేర్లను జనం ఎగబడి కొనడం మనం చూస్తూనే ఉన్నాం. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2014లో ఇలా సలహాలిచ్చే రీసెర్చ్ అనలిస్టులకు నిబంధనలు పెట్టింది. సలహా ఇచ్చేవాడు ఆ షేరు తన దగ్గర ఉందో లేదో బయటపెట్టాలి. మీది ఏ రాశి అని సిద్ధాంతిగారిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ అనలిస్టులు సిద్ధాంతిగారిని మించిపోయారు. ఆయన ఏడాదితో ఆపుతారు. వీళ్ళు అయిదేళ్ళు చెప్పి, ఆ తర్వాత ప్రళయకాలం దాకా జరగబోయేదంతా ఒకే గడిలో పెడతారు. దాన్ని టెర్మినల్ వాల్యూ అంటారు. చాలా మోడళ్ళలో కంపెనీ విలువలో సగానికి పైగా ఆ గడిలోనే ఉంటుంది.

మా వాడు ప్రాక్టీసుకి ఒక సిమెంటు కంపెనీని తీసుకున్నాడు. పెట్టుబడి మీద రావాల్సిన రాబడి 11 శాతం, శాశ్వత వృద్ధి 5 శాతం అనుకున్నాడు. లెక్క కడితే వచ్చిన ధర మార్కెట్ ధర పక్కనే నిలబడింది. "ఉంచుకోండి అనాలి మామయ్యా" అన్నాడు నీరసంగా. 11ని 10.5 చెయ్యి, 5ని 5.5 చెయ్యి అన్నాను. ఈ ఏడు మిగిలే రూపాయి వచ్చే ఏడు 1.05 అవుతుంది; దాన్ని 11లోంచి 5 పోగా మిగిలిన 6 శాతంతో భాగిస్తే 17.5. అంకెలు మార్చాక 1.055ని 5 శాతంతో భాగిస్తే 21.1. ఫ్యాక్టరీలో ఒక్క బస్తా కూడా అదనంగా తయారు కాకుండానే ప్రళయకాలం విలువ అయిదో వంతు పెరిగింది. వాడు నన్ను తొలిసారి గౌరవంగా చూశాడు.

ఇది నా ప్రతిభ కాదు. రైస్ మిల్లు లోన్ల దగ్గర నేర్చుకున్నదే. ప్రాజెక్టు రిపోర్టు తెచ్చే ఆడిటర్‌గారు "డీఎస్‌సీఆర్ ఎంత ఉండాలి మేనేజర్ గారూ?" అని ముందే అడిగేవారు. మిల్లు సంపాదన అప్పు వాయిదాలకు ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క అది. 1.5 అంటే మర్నాటికి 1.53 వచ్చేది. ఆ చివరి 3 ఆయన నిజాయతీ. ఏ మిల్లయినా మొదటి ఏడు 60 శాతం సామర్థ్యంతో, తర్వాత 70తో, ఆ తర్వాత 80తో నడిచేది. వడ్లు పండినా పండకపోయినా.

ఎక్సెల్‌లో మనం ఊహించింది నీలం రంగులో, ఆ ఊహకు పుట్టింది నలుపులో పెట్టాలన్నది ఆచారం. వడ్డీ తెలియాలంటే అప్పు తెలియాలి, అప్పు తెలియాలంటే చేతిలో నగదు తెలియాలి, నగదు తెలియాలంటే మళ్ళీ వడ్డీ తెలియాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్న మన సామెతకు ఎక్సెల్ పెట్టిన పేరు సర్క్యులర్ రిఫరెన్స్.

ఒక రాత్రి పదకొండున్నరకి బ్యాలెన్స్ షీట్ 1.8 కోట్లు తేడా వచ్చింది. వాడు జుట్టు పీక్కుంటున్నాడు. తొమ్మిదితో భాగించరా అన్నాను. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో చూడాలన్నది లెడ్జర్ల కాలం నాటి గుమస్తా చిట్కా. వెతికాడు. తరుగుదల ఒకచోట 64.2, క్యాష్ ఫ్లోలో 62.4. అది దొరక్కపోతే "ఇతర ఆస్తులు" అనే గడిలో 1.8 పడేసి నిద్రపోయేవాడు. మా రోజుల్లో దాన్ని సస్పెన్స్ ఖాతా అనేవాళ్ళం.

తేడా రాని బ్యాలెన్స్ షీట్ చూడాలంటే మా హైదరాబాదే రావాలి. సత్యం కంప్యూటర్స్ లెక్కలు ఏళ్ళ తరబడి చక్కగా కుదిరాయి. ఆ లెక్కలు తప్పని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన, 2009 జనవరి 7న బయటికొచ్చిన ఉత్తరాన్ని మా వాడికి రైటింగ్ టెస్టు నమూనాగా ఇచ్చాను. ఉపోద్ఘాతం ఒక్క వాక్యమే. వెంటనే అసలు అంకె: లేని నగదు 5,040 కోట్లు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి చూపించిన నిర్వహణ లాభం ఆదాయంలో 24 శాతం, అసలుది 3. ఉపమానం కూడా ఉంది, పులి మీద స్వారీ అని. అంత సూటిగా రాసిన రీసెర్చ్ నోట్ నేను ఇంతవరకు చదవలేదు.

మామూలు నోట్ అలా ఉండదు. "ఆచితూచి ఆశాభావం" అని మొదలవుతుంది. మా వాడు రాసిన రిస్కులు చూడండి. వానలు బాగా పడితే పనులు ఆగి సిమెంటు అమ్మకాలు తగ్గవచ్చు. పడకపోతే పల్లెల్లో ఇళ్ళు కట్టేవాళ్ళు తగ్గవచ్చు. సిద్ధాంతిగారైతే అక్కడక్కడా ఖండవృష్టి అని ఊరుకునేవారు.

"అమ్మండి" అని రాస్తే ఏమవుతుందని అడిగాడు. కంపెనీవాళ్ళు నీ ఫోను ఎత్తరు, ఆ షేరు ఇప్పటికే కొనుక్కున్న ఫండ్లవాళ్ళు నీ నోట్ చదవరు అన్నాను. వాడికి కొంచెం కోపం వచ్చింది. నిజం చెప్పడానికే కదా ఈ ఉద్యోగం అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనూ ఒక మిల్లు లోను కాదన్నాను. ఆరు నెలల్లో బదిలీ అయింది.

రాహుకాలం దాటించి మా అక్క రైలెక్కించింది. పరీక్ష రోజు సాయంత్రం వాడు ఫోన్ చేశాడు.

"బ్యాలెన్స్ అయిందా?"

"అయింది మామయ్యా."

"ఏం రాశావు?"

"కొనండి అని."

"అంత బాగుందా కంపెనీ?"

"లేదు. అమ్మండి అంటే కారణాలు రాయాలి. పది నిమిషాలే మిగిలింది."