‘కొలోసల్ యూత్’ డెమో టేపు కాదు మహాశయా

వేల్స్ బ్యాండ్ యంగ్ మార్బుల్ జెయింట్స్ తీసిన ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ ‘కొలోసల్ యూత్’ (1980) మీద ఒక మాట తెగ తిరుగుతోంది: “వాయించడం రాని ముగ్గురు డ్రమ్మర్ దొరక్క డ్రమ్ మెషీన్ పెట్టుకుని, డెమోనే (నమూనాగా చేసుకున్న రికార్డింగ్‌నే) ఆల్బమ్‌గా వదిలేశారు. అప్పట్లో ఎవరూ కొనలేదు. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ పొగిడాడు కాబట్టే దానికింత పేరు.”

డెమో అన్న మాట నిలవదు. వీళ్ల అసలు డెమోలు వేరే ఉన్నాయి. 2000లో ‘సలాడ్ డేస్’ పేరుతో సీడీగా వచ్చాయి. ‘కొలోసల్ యూత్’ని మాత్రం వేల్స్‌లోని ఫోయెల్ స్టూడియోలో రికార్డు చేశారు. కొద్ది రోజుల్లో ముగించారు, నిజమే. పాటలు ముందే చేతికి వచ్చేసి ఉంటే అంతకన్నా ఎందుకు పడుతుంది?

ఇక వాయించడం రాదన్న నింద. ‘సెర్చింగ్ ఫర్ మిస్టర్ రైట్’లో ఫిలిప్ మాక్స్‌హామ్ బేస్ వినండి. పాటని నడిపించేది అదే. అతని అన్న స్టూవర్ట్ గిటార్ తీగల మీద అరచేయి ఆనించి, మోగీ మోగకముందే స్వరాన్ని తుంచేస్తాడు. అలిసన్ స్టాటన్ గొంతు పెంచదు, సాగదీయదు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే పాడుతుంది. చప్పుడు వెనక దాక్కునే వీలు లేదిక్కడ, ఒక్క తప్పు పడినా దొరికిపోతారు. ఈ పని రానివాళ్లు చేయగలిగేది కాదు.

డ్రమ్మర్ లేకపోవడం కావాలని చేసిందే. మాక్స్‌హామ్ సోదరుల బంధువు పీటర్ జాయిస్ సొంతంగా తయారుచేసిన మెషీన్‌తో తాళాలు క్యాసెట్ మీద ఎక్కించుకుని, వేదిక మీద కూడా ఆ టేపుతోనే వాయించేవారు. పంక్ హోరెత్తుతున్న రోజుల్లో ఇంత నెమ్మదిగా వాయించడానికి గుండె ధైర్యం కావాలి, నన్నడిగితే.

ఎవరూ కొనలేదా? 1980లో దీన్ని విడుదల చేసిన రికార్డు కంపెనీ రఫ్ ట్రేడ్‌కి బాగా అమ్ముడైన రికార్డుల్లో ఇదొకటి. అదే ఏడాది బీబీసీ రేడియోలో కొత్త బ్యాండ్లకి చోటిచ్చే డీజే జాన్ పీల్ వీళ్లని సెషన్‌కి, అంటే తన కార్యక్రమం కోసం పాటలు వాయించి రికార్డు చేయడానికి, పిలిచాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే బ్యాండ్ విడిపోయింది. జనం మరిచిపోయారంటే ప్రధాన కారణం అదీ.

కోబేన్ తనకిష్టమైన 50 ఆల్బమ్‌ల జాబితాలో దీన్ని రాసుకున్న మాట వాస్తవం. అమెరికన్ బ్యాండ్ హోల్ 1994లో ఇందులోని ‘క్రెడిట్ ఇన్ ద స్ట్రెయిట్ వరల్డ్’ని మళ్లీ పాడింది కూడా. కానీ బోస్టన్ బ్యాండ్ గెలాక్సీ 500 అంతకుముందే పీల్ సెషన్‌లో వీళ్ల ‘ఫైనల్ డే’ వాయించింది. తర్వాత గ్లాస్గో నుంచి బెల్ అండ్ సెబాస్టియన్ కూడా అదే పాట అందుకున్నారు. వీళ్లంతా కోబేన్ చీటీ చూసి వచ్చినవాళ్లంటే నేను నమ్మను.