మా వీధి ఫుట్‌పాత్ ఉద్యమం: ఒక ర్యాంపు యజమాని వివరణ

మా వీధిలో పాదచారుల ఉద్యమం మొదలై నలభై రోజులైంది. అందులో నేనూ ఉన్నాను. ఉండటమే కాదు, ట్రెజరర్ని. ఇప్పటిదాకా వసూలైంది 1,100 రూపాయలు, టీలకి పోయింది 860. ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ అడగరని చెబుతున్నాను.

మాది విజయవాడ, ఏలూరు రోడ్డుకి రెండు సందుల లోపల. ఇక్కడ నడవడం ఎవరూ నిషేధించలేదు. నడిచేవాళ్లే మెల్లగా మానుకున్నారు. ఇంతలో మా మాస్టారు పేపర్లో ఒక వార్త చదివారు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందికి, అంటే జీవించే హక్కు కిందికే వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిందట. రిటైరైన లెక్కల మాస్టారు కదా, ఊరుకోలేదు. ‘హక్కు ఉందంటున్నారు, ఫుట్‌పాత్ ఎక్కడుందో తేలుద్దాం పదండి’ అన్నారు. అలా కమిటీ పుట్టింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని, దేశంలో రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే సంస్థ ఒకటుంది. దాని నియమాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత. కొలుద్దామంటే టేపు లేదు. ఫుట్‌పాత్ మీదే మిషను పెట్టుకున్న టైలర్ని అడిగితే పాపం మెడలోది తీసి ఇచ్చాడు, కొలతకి అడ్డమని మిషను కూడా జరిపాడు. తీరా చూస్తే టేపు మొత్తం 60 అంగుళాలు. నియమం టేపు కంటే జానెడు పైన ఎక్కువ. ‘ఇంత వెడల్పున్న మనిషికి నేనెప్పుడూ కుట్టలేదండీ’ అన్నాడు టైలర్. అయినా ఆ జానెడు మాకు ఎక్కడా అవసరం పడలేదు. వీధి మొత్తం మీద దొరికిన పెద్ద ఖాళీ 34 అంగుళాలు, అదీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ పునుగుల బండికీ మధ్య. అక్కడ నూనె మూకుడు ఉంటుంది కాబట్టి ఎవరూ నిలబడరు.

తర్వాత మా ఇల్లు వచ్చింది. నా ర్యాంపు గురించి వీధిలో రకరకాలుగా అనుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. నేను ఇల్లు కట్టినప్పుడు గుమ్మం రోడ్డుకి మూడడుగుల ఎత్తున ఉండేది. మన దగ్గర పాత రోడ్డు గీకకుండా దాని నెత్తినే కొత్త రోడ్డు వేస్తారు కదా. నాలుగు ఎలక్షన్లు అయ్యేసరికి రోడ్డు లేచింది, ఇల్లు దిగింది. వాన పడితే వీధిలో నీళ్లు అడగకుండానే హాల్లోకి వచ్చి కూర్చునేవి. గేటు ఎత్తించాను. గేటు ఎత్తాక కారు ఎక్కలేదు, ర్యాంపు కట్టించాను. కడప బండలు, చక్రం జారకుండా అడ్డగీతలు. నేను ఫుట్‌పాత్‌ని ఆక్రమించలేదు. అదే వచ్చి నా ర్యాంపు కిందికి దూరింది.

మా ఎదురింటి మామ్మగారు రోజూ పొద్దున్నే పాలకి వెళతారు. వీధిలో నిజంగా నడిచే మనిషి ఆవిడ ఒక్కరే. వచ్చేటప్పుడు నా ర్యాంపు దగ్గర ఆగుతారు. గేటు ఊచ పట్టుకుంటారు. పాల గిన్నె బండ మీద పెడతారు. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, పక్కకి తిరిగి, ముందు కుడికాలు రోడ్డు మీదికి దించుతారు. వెనక్కి చూస్తారు. ఆటో ఏదైనా ఉంటే కాలు మళ్లీ పైకి. లేకపోతే రెండోకాలు, ఆ తర్వాత గిన్నె. బాల్కనీలో కాఫీ తాగుతూ రోజూ చూస్తాను. ఒక్క చుక్క ఒలకదు.

ఆవిడని కమిటీలో వేసుకోలేదు. మీటింగ్ రాత్రి ఎనిమిదిన్నరకి, ఆ చీకట్లో ఎలా నడిచి వస్తారని.

ర్యాంపుల మీద సుదీర్ఘంగా చర్చించాం. పన్నెండు మంది సభ్యుల్లో పదకొండు మందికి ర్యాంపులున్నాయి. లేనిది మాస్టారికే, అద్దెకుంటారు. ర్యాంపు ఆక్రమణ కాదు, నిర్మాణం అని 11-1తో తీర్మానించి, తోపుడు బండ్ల మీద పోరాడదామనుకున్నాం. పునుగుల బండి అతను వేడివేడిగా నాలుగు ప్లేట్లు పంపేసరికి ఆ అంశం వాయిదా పడింది.

ఈలోగా స్పీడ్ బ్రేకర్ సాధించాం. అదీ నియమం ప్రకారం 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, వీపు నిమిరినట్టు ఉండాలి. మాది ఎవరింటి స్లాబుదో మిగిలిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి పుట్టింది. అడుగున్నర వెడల్పు, ఎత్తులో ఇంద్రకీలాద్రికి చిన్న తమ్ముడు. రెండు అంచులా నీళ్లు పోవడానికి అడుగు చొప్పున ఖాళీ వదిలారు. ఇప్పుడు బైకులన్నీ ఆ ఖాళీలోంచే దూరుతున్నాయి. వేగం తగ్గించకుండా, సరిగ్గా మనుషులు నడిచే అంచు మీదుగా. నడిచేవాళ్ల కోసం పోరాడి, బండ్లని నడిచేవాళ్ల దగ్గరికే చేర్చామన్నమాట. మెయిన్ రోడ్డు మీద జీబ్రా గీతలు కూడా ఉన్నాయి. అవి తిన్నగా వెళ్లి డివైడర్లో గన్నేరు మొక్కల దగ్గర ఆగుతాయి.

మా ఊరికి నడిచేవాళ్లంటే గౌరవం లేదనుకునేరు. దసరాకీ, భవానీ దీక్షల విరమణకీ వచ్చి చూడండి. బారికేడ్లు, మంచినీళ్లు, ట్రాఫిక్ మళ్లింపులు, బస్సులకి వేరే దారి. మనిషి నడుస్తున్నాడని ఊరే పక్కకి తప్పుకుంటుంది. ఎర్రబట్టల్లో చెప్పుల్లేకుండా నడిస్తే భక్తుడు. అదే మనిషి హవాయి చెప్పులేసుకుని పాల గిన్నెతో నడిస్తే, ‘ఇంట్లో చెప్పొచ్చావా?’ అని హారన్. అందుకే మామ్మగారికి ఏడాది పొడుగునా ఎర్రచీర కట్టిద్దామని నేను ప్రతిపాదించాను. మాస్టారు నవ్వలేదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 32,825 మంది నడిచేవాళ్లేనని కేంద్రం లెక్క చదివారు. ఐదుగురిలో ఒకరు. ఆ రోజు టీ ఎవరూ అడగలేదు.

సరే, మహజరు రాద్దామన్నారు. మాస్టారే రాశారు, మూడు పేజీలు. ర్యాంపుల పేరా మేం కొట్టేయించాం, రెండు పేజీలైంది. అందరం సంతకాలు పెట్టాం. అధికారులకి మూడు కాపీలు కావాలి. జిరాక్స్ కొట్టు మెయిన్ రోడ్డుకి అటువైపు, పాల బూత్ పక్కనే.

శనివారం పొద్దున్న పన్నెండు మందిమీ ఇటువైపు నిలబడ్డాం. పావుగంట నిలబడ్డాం. సెక్రటరీ ఒకసారి చెయ్యెత్తి రెండడుగులు వేసి, సిటీ బస్సుని చూసి మూడడుగులు వెనక్కి వచ్చారు. స్కూటర్ తీద్దామంటే యూటర్న్‌కి చాలా దూరం పోవాలి. ఇంతలో మామ్మగారు గిన్నె పట్టుకుని వచ్చారు.

‘ఏంటబ్బాయ్, ఇంతమంది పొద్దున్నే? ఎవరైనా పోయారా?’

విషయం చెప్పి, కాగితాలూ ఇరవై రూపాయలూ చేతిలో పెట్టాం. ఆవిడ ఎడంచెయ్యి చాచి, ఎవరి వంకా చూడకుండా అటు వెళ్లిపోయారు. పది నిమిషాల్లో పాలూ, మూడు కాపీలూ తెచ్చారు. చిల్లర ఎనిమిది రూపాయలు కూడా ఇచ్చారు. పద్దులో రాసుకున్నాను.