బాగా ఆడేవాళ్లే బాగా నేర్పుతారా? ఆ గోల్ఫ్ మెసేజ్‌కు నా జవాబు

వారం రోజుల్లో మూడు చోట్ల నుంచి అదే మెసేజ్ వచ్చింది. కాలేజీ స్నేహితుల గ్రూపులో ఒకరు పెట్టారు. ఆదివారాలు కలిసి ఆడే మా బ్యాచ్‌లో ఇంకొకరు పెట్టారు. డల్లాస్‌లో ఉన్న మా బావగారు "ఎంత కరెక్ట్‌గా చెప్పాడో చూడు" అని విడిగా నాకే పంపారు. మొదటిసారి చూసి ఊరుకున్నాను, రెండోసారి పళ్లు బిగించుకున్నాను. ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను.

చూడనివాళ్ల కోసం, అందులో ఉన్నది ఇదీ. స్వింగ్ (క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను తిప్పి బంతిని కొట్టే తీరు) గురించి తెలిసేది గొప్ప ఆటగాళ్లకే. పాతకాలపు ఛాంపియన్ బెన్ హోగన్ పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు చేస్తే చాలు. తల కదపకపోవడమే ఛాంపియన్లందరి రహస్యం. టైగర్ ఉడ్స్‌కు కోచ్‌లు పేరుకే. మన గోపీచంద్‌ను చూడండి, ఛాంపియనే గురువు అవుతాడు. ఒక పాఠం వినేకన్నా గంటసేపు మంచి స్వింగ్ చూడటం మేలు. చివరగా, మెసేజ్‌లో ఉన్న మాటలే: "నిన్ను ఓడించలేనివాడు నీకు గురువు కాడు. రేంజ్‌లో పాఠాలు చెప్పే మాజీ కేడీలకు డబ్బు తగలెయ్యకండి." (రేంజ్ అంటే బంతులు కొట్టి సాధన చేసే చోటు, కేడీ అంటే ఆటగాళ్ల బ్యాగులు మోస్తూ వెంట నడిచే మనిషి.)

తల సంగతి ముందు తేల్చేస్తాను. అనికా సోరెన్‌స్టామ్ పది మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచింది. క్లబ్ బంతికి తగిలే సమయానికే ఆమె ముఖం బంతి వెళ్లే వైపు తిరిగిపోయి ఉంటుంది. 2001 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన డేవిడ్ డ్యువల్‌దీ అదే తీరు. "ఛాంపియన్లందరి" అన్నాక ఇద్దరు చాలు.

టైగర్ విషయమూ అంతే. 1997లో మాస్టర్స్ అనే మేజర్‌ను 12 షాట్ల తేడాతో గెలిచిన కుర్రాడు, గెలిచాక బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగ్ మార్చుకున్నాడు. తర్వాత 2000లో యూఎస్ ఓపెన్ 15 షాట్ల తేడాతో గెలిచాడు. 2004 నుంచి హ్యాంక్ హేనీ దగ్గరికి వెళ్లి, మళ్లీ స్వింగ్ మార్చుకుని, ఇంకో ఆరు మేజర్లు గెలిచాడు. హార్మన్, హేనీ ఇద్దరూ ఆటగాళ్లుగా పెద్ద పేరున్నవాళ్లు కారు. పేరుకే ఉన్న కోచ్‌ల కోసం ఎవరైనా గెలుస్తున్న స్వింగ్‌ను విప్పి మళ్లీ కట్టుకుంటారా?

ఇక అసలు మాట: బాగా కొట్టేవాడికే ఎలా కొట్టాలో తెలుసు. వినగానే నిజమే అనిపిస్తుంది, అందుకే దీన్ని అందరూ ముందుకు పంపిస్తున్నారు.

మనందరికీ తెలుగు వచ్చు. "నాకు తెలుసు" అంటాం, "నేను చూశాను" అంటాం. ఒకచోట "నాకు", ఒకచోట "నేను" ఎందుకో మీ ఆఫీసులో తెలుగు నేర్చుకుంటున్న ఢిల్లీ అబ్బాయి అడిగితే ఏం చెబుతారు? "అలాగే అంటారు" అంటారు. "మనం", "మేము" ఎప్పుడు ఏది వాడాలో మనకు ఒక్కసారి కూడా తప్పు పోదు. కానీ ఆ అబ్బాయికి వివరించబోతే మాట తడబడుతుంది. అతనికి కావలసింది మనకంటే బాగా తెలుగు మాట్లాడేవాడు కాదు, తెలుగు నేర్పడం వచ్చినవాడు.

గోల్ఫ్‌లో దీన్ని పరీక్షించి చూశారు కూడా. 2001లో సియాన్ బైలాక్, థామస్ కార్ అనే పరిశోధకులు చూసిందేమిటంటే, చెయ్యి తిరిగిన ఆటగాళ్లకు ఇప్పుడే వేసిన పట్ (గుంటలోకి బంతిని మెల్లగా దొర్లించే దెబ్బ) ఎలా వేశామో కొత్తవాళ్లకు గుర్తున్నంత కూడా గుర్తుండదు. 2008లో క్రిస్టిన్ ఫ్లెగల్, మైఖేల్ ఆండర్సన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. మంచి ఆటగాళ్లను తాము పట్ ఎలా వేశారో ఐదు నిమిషాలు మాటల్లో రాయమన్నారు. రాశాక మళ్లీ వెయ్యమంటే, అదే పట్ కుదరడానికి వాళ్లకు దాదాపు రెట్టింపు ప్రయత్నాలు పట్టాయి. నైపుణ్యం చేతిలో స్థిరపడ్డాక మాటకు అందడం మానేస్తుంది.

అందనప్పుడు ఛాంపియన్లు ఏం చెబుతారు? తమకు అనిపించింది చెబుతారు. పైనుంచి కిందికి వచ్చే స్వింగ్ పావు సెకను, క్లబ్బూ బంతీ తాకి ఉండేది అర మిల్లీసెకను. అందులో ఏం జరిగిందో ఏ మనిషీ చూసి చెప్పలేడు. బంతి మొదట స్వింగ్ సాగిన దారిలో బయల్దేరి, తర్వాత క్లబ్ ముఖం (బంతికి తగిలే చదునైన భాగం) చూస్తున్న వైపు వంగుతుందని తరతరాలుగా పుస్తకాల్లో రాసుకొచ్చారు, మేజర్లు గెలిచినవాళ్లతో సహా. ఈ శతాబ్దం మొదట్లో బంతి కదలికను కొలిచే ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్లు వచ్చాక అది తలకిందులని తేలింది. బంతి బయల్దేరేది ప్రధానంగా ముఖం చూస్తున్న వైపే, దారికీ ముఖానికీ ఉన్న తేడాను బట్టి వంగుతుంది. ఆ మహానుభావులు తప్పుగా చెబుతూనే జీవితమంతా ఒప్పుగా కొట్టారు. వాళ్ల చేతులకు తెలుసు. మనకు అందింది మాత్రం వాళ్ల చేతులు కాదు, మాటలు.

హోగన్ పుస్తకం దగ్గరకు వస్తే, అక్కడ నాకు సొంత దెబ్బ ఉంది.

హోగన్ తొమ్మిది మేజర్లు గెలిచాడు. 1949లో బస్సు ఢీకొని బతకడమే కష్టమన్న స్థితి నుంచి లేచి, 1950లో యూఎస్ ఓపెన్ గెలిచిన మనిషి. ఆయన మీద ఒక్క మాట తేలిగ్గా అనను. 1957లో వచ్చిన 'ఫైవ్ లెసన్స్' కూడా శ్రద్ధగా రాసిన పుస్తకమే. కానీ కుర్రతనం నుంచీ హోగన్‌ను వేధించిన జబ్బు హుక్. బంతి ఎడమకు గట్టిగా వంగిపోయేది. ఆ హుక్‌ను చంపడానికే ఆయన ఏళ్ల తరబడి ఒక గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు) తయారుచేసుకున్నాడు. ఎడమ చెయ్యి ఎడమకు తిరిగి ఉంటుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి కంటి వైపు చూస్తుంది. అలా పట్టుకుంటే క్లబ్ ముఖం తొందరగా మూసుకోదు, అంటే ఎడమకు తిరగదు, బంతి ఎడమకు పోదు.

మరి మనలాంటివాళ్ల జబ్బేమిటి? స్లైస్. ముఖం తెరుచుకుని, అంటే కుడికి తిరిగి వచ్చి బంతి కుడికి కొట్టుకుపోవడం. వారాంతాల్లో ఆడేవాళ్లలో ఎక్కువమందిది అదే. తెరుచుకునే ముఖాన్ని ఇంకా తెరిచి ఉంచే గ్రిప్‌ను మనం భక్తిగా నేర్చుకుంటున్నాం. అతిసారం ఉన్నవాడికి విరేచనాలయ్యే మందు ఇచ్చినట్టు.

నేను ఎనిమిది నెలలు అదే చేశాను. అద్దం ముందు నిలబడి, బొమ్మలతో పోల్చుకుని, కుడి కంటి వైపు గీత వచ్చిందో లేదో చూసుకుని. బంతి ప్రతిసారీ కుడివైపు చెట్లలోకే. తప్పు పుస్తకానిది అయి ఉంటుందని ఒక్కసారీ అనుమానం రాలేదు. రాసింది హోగన్ కదా, కాబట్టి తప్పు నాదేనని ఇంకా గట్టిగా సాధన చేశాను. మోచెయ్యి నొప్పి వచ్చింది. క్లబ్బులు అమ్మేద్దామనుకున్నాను.

అప్పుడు రేంజ్‌లో పాఠాలు చెప్పే మాస్టారు ఒకాయన, పక్క బేలో ఎవరికో నేర్పుతూ నన్ను చూసి వచ్చారు. చిన్నప్పుడు కేడీగా బ్యాగులు మోసి, అలాగే ఆట నేర్చుకున్న మనిషి. ఆరు బంతులు కొట్టమన్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. తర్వాత నా ఎడమ చెయ్యి పట్టుకుని కుడివైపు తిప్పి, "మూడు కణుపులు కనపడాలి సార్, ఇప్పుడు కొట్టండి" అన్నారు. మూడో బంతికి, ఎనిమిది నెలల్లో మొదటిసారి, నా డ్రైవ్ ఎడమకు వంగింది. హోగన్ గ్రిప్ సంగతి చెబితే ఆయన అన్నది ఇప్పటికీ గుర్తుంది: "ఆ మందు మంచిదే సార్. మీ రోగానిది కాదు."

గురువు పని అదీ. తన స్వింగ్ చెప్పడం కాదు, ఎదుటివాడి స్వింగ్ చూడటం. టెక్సస్‌లో ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లో హార్వీ పెనిక్ అనే పెద్దాయన ఉండేవారు. బెన్ క్రెన్‌షా, టామ్ కైట్ ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఆయనే నేర్పారు. ఒకరి పాఠం ఇంకొకరిని చూడనిచ్చేవారు కాదు, ఒకరికి చెప్పింది రెండోవాడికి విషమవుతుందని. పెనిక్ 1995 ఏప్రిల్‌లో చనిపోయారు. క్రెన్‌షా మాస్టర్స్ మొదలయ్యే ముందురోజు ఆస్టిన్ వెళ్లి, గురువు పాడె మోసి, తిరిగొచ్చి, ఆ ఆదివారం మాస్టర్స్ గెలిచాడు. పెనిక్ ఒక్క మేజర్ కూడా గెలవలేదు. ఆయన్ను చూసి కూడా "నిన్ను ఓడించలేనివాడు గురువు కాడు" అంటారా?

ఆ మెసేజ్‌లో నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం అదే. మిగతావి అవగాహన లేని మాటలు, ఇది అవమానం. సరే, ఆ కొలతతోనే కొలుద్దాం. 18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్‌ను ఓడించగలవాళ్లు ఆ రోజుల్లో ఎందరు? అయినా ఆయన 1950లో పదేళ్ల వయసులో జాక్ గ్రౌట్ దగ్గర చేరి, గ్రౌట్ బతికున్నంత కాలం ఆ గురువును వదల్లేదు. ప్రపంచ విజేత అయ్యాక కూడా ఏడాది మొదట్లో వెళ్లి గ్రిప్ నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు. డేవిడ్ లెడ్‌బెటర్ ఆటగాడిగా నిలదొక్కుకోలేకపోయిన మనిషి. నిక్ ఫాల్డో తన స్వింగ్‌ను ఆయన చేతిలో పెట్టి, రెండేళ్లు తిట్లు తిని, 1987 బ్రిటిష్ ఓపెన్‌తో మొదలుపెట్టి ఆరు మేజర్లు గెలిచాడు. ఎర్నెస్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న గోల్ఫర్. ఆయన శిష్యురాలు వర్జీనియా వాన్ వీ 1932 నుంచి వరసగా మూడేళ్లు అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ గెలిచింది. క్రికెట్ కావాలా? సచిన్‌కు నేర్పిన రమాకాంత్ ఆచ్రేకర్ ఆడింది ఒకే ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్. అదీ మన హైదరాబాద్ జట్టు మీదే, మొయినుద్దౌలా కప్‌లో.

బావగారూ, మీకు ప్రత్యేకంగా ఒకటి. అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు, మన హైదరాబాద్ దంపతుల బిడ్డ అని మీరే మాకు ఫోన్ చేసి చెప్పారు. ఆ అబ్బాయికి ఏళ్ల తరబడి నేర్పిన రిక్ హంటర్ పేరు మీరు ఎప్పుడైనా విన్నారా?

ఇక కేడీలు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కేడీగా మొదలైనవాడు. కేడీ అంటే రోజుకు నాలుగైదు గంటలు పక్కనే నడుస్తూ, వందల మంది స్వింగ్‌లు చూసి, ఏ తప్పుకు బంతి ఎటు పోతుందో కళ్లతో బట్టీపట్టినవాడు. బంతి పడేచోటుకు మనకన్నా ముందు చూపు తిప్పేది అతనే. ఆ చూపు కొనుక్కోవడానికి ఇచ్చే డబ్బును "తగలెయ్యడం" అంటారా? పాతిక వేల రూపాయల డ్రైవర్ క్లబ్ కొన్నప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

గోపీచంద్ విషయంలో ఒప్పుకుంటాను. 2001లో బ్యాడ్మింటన్‌లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషే సైనాను, సింధును ఒలింపిక్ పతకాల దాకా తీసుకెళ్లాడు. గోల్ఫ్‌లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. 1948 మాస్టర్స్ గెలిచిన క్లాడ్ హార్మన్ తన కాలంలో గొప్ప గురువు, పైన చెప్పిన బుచ్ ఆయన కొడుకే. గొప్పగా ఆడితే నేర్పలేరని నేను అనడం లేదు. ఆడటం ఒక విద్య, నేర్పడం ఇంకో విద్య, రెండోది వాళ్లు విడిగా కష్టపడి సంపాదించారు. గోపీచంద్‌ను గురువుగా నిలబెట్టింది తెల్లవారుజామునే కోర్టులో నిలబడి ఒక్కొక్కరి అడుగులు చూసిన ఆ ఏళ్లు. ఆయనకు హైదరాబాద్‌లో నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్ ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ కారు.

గంటసేపు మంచి స్వింగ్ చూడటం గురించి కూడా ఆ మెసేజ్ చెప్పింది నిజమే. దీన్నీ కొట్టిపారేద్దామని కూర్చున్నాను, కుదరలేదు. బాబీ జోన్స్ చిన్నప్పుడు అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో స్టువర్ట్ మెయిడెన్ వెనకాలే తిరుగుతూ, చూసి చూసి ఆయన స్వింగ్‌ను ఒంటికి పట్టించుకున్నాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచాడు. పిల్లలు చూసి నేర్చుకుంటారు, మాట మధ్యలో అడ్డొస్తుంది. మా అమ్మాయికి నేను చేసిన తప్పు అదే, మరీ ఎక్కువ చెప్పాను. పెద్దవాళ్లం కూడా గొప్పవాళ్ల స్వింగ్ లయను చూసి కొంత పట్టుకోవచ్చు. చూడండి, హాయిగా చూడండి. చూసి, మీ గ్రిప్ మాత్రం దగ్గర నిలబడి మిమ్మల్ని చూసే మనిషికి చూపించండి.

మా ఆదివారం బ్యాచ్‌లో ఇద్దరు ఈ మెసేజ్ వచ్చిన వారమే పాఠాలు మానేశారు. మాస్టారికి చెప్పనుకూడా లేదు. మొన్న శనివారం ఏడింటికి మాస్టారు రెండు బుట్టల బంతులు పక్కన పెట్టుకుని ఎనిమిదిన్నర దాకా చూశారు. నన్ను అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. మీరిద్దరూ ఇది చదువుతారని తెలుసు. ఈ రాత్రికి ఆయనకు ఫోన్ చెయ్యండి.