రోడ్డుకి ఎన్నిసార్లు కట్టాలి?

బండి కొన్న రోజే లైఫ్ ట్యాక్స్ గుంజుతారు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ కేంద్రానికి రోడ్డు సెస్సు పోతుంది. ఆంధ్రాలో 2020 సెప్టెంబరులో దాని మీద లీటరుకు ఇంకో రూపాయి వేశారు, రోడ్ల అభివృద్ధి పేరుతోనే. హైవే ఎక్కితే టోలు, అదీ ఏటా పెరిగేదే. ఇన్ని కట్టినా వాన పడితే మా రోడ్డు మీద గుంత ఎక్కడుందో తెలియక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడపాలి.

కేంద్రం సెస్సు సంగతే చూడండి. 2000లో చట్టం చేసి రోడ్ల కోసమని నిధి పెట్టారు. 2018లో దాని పేరులో ‘మౌలిక సదుపాయాలు’ చేర్చి ఓడరేవులకూ, విద్యుత్తుకూ, చివరికి ఆసుపత్రులకూ వాడుకునేలా మార్చారు. ఆసుపత్రులు వద్దని కాదు (నడుం పట్టేశాక వెళ్లేది అక్కడికేగా). కానీ రోడ్డని చెప్పి తీసుకున్నది రోడ్డుకే పెట్టాలి కదా!

మరమ్మతు మాటెత్తితే నిధుల్లేవంటారు. కొత్త రోడ్డయితే కొబ్బరికాయ కొట్టొచ్చు, ఫొటో దిగొచ్చు. గుంత పూడిస్తే ఎవరు చూస్తారు? పాత బిల్లులే రాని కాంట్రాక్టరు కొత్త టెండరు ఎందుకు వేస్తాడు? మనం మాత్రం బాకీ పడకూడదు. ఫాస్టాగ్ పనిచేయక నగదు ఇచ్చామా, అక్కడికక్కడే రెట్టింపు వసూలు.