మా క్లాసులో వెనక బెంచీలో ఎవరు కూర్చోవాలి?

ఒమాన్‌లో ఇంగ్లిష్ చెప్పే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. నిజ్వా, ఇబ్రి, సలాలా... ఏ ఊరి కాలేజీకి వెళ్లినా స్టాఫ్ రూములో గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చినవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. మాలో చాలామంది చెప్పేది ఫౌండేషన్ కోర్సు. బడి చదువంతా అరబిక్‌లో సాగిన పిల్లలు ఇంజినీరింగో బిజినెస్సో ఇంగ్లిష్‌లో చదవాలంటే ముందు ఈ మెట్టు ఎక్కాలి. ఈ కోర్సుకు దేశమంతటికీ వర్తించే ప్రమాణాలు 2008లోనే వచ్చాయి. విద్యార్థి ఏమేం నేర్చుకోవాలో వాటిలో వివరంగా ఉంది. ఆ నేర్పే టీచరు ఎదగడం మాత్రం ఆచరణలో మమ్మల్ని పనిలో పెట్టే కాంట్రాక్టు కంపెనీల దయాదాక్షిణ్యాలకు మిగిలిపోయింది. నా కోపమంతా దీని మీదే.

కాంట్రాక్టు రెన్యూవల్ దగ్గర పడగానే ఒక ఫారం వస్తుంది. ఈ ఏడాది ఎన్ని వర్క్‌షాపులకు హాజరయ్యారు, ఎన్ని సర్టిఫికెట్లు సంపాదించారు, నకళ్లు జతచేయండి. అంతే. దాంతో రాత్రిళ్లు ఒక పక్క వెబినార్ నడుస్తుంటే మరో పక్క పేపర్లు దిద్దుకునే పరిస్థితి. చెప్పేవాళ్లకు మా పిల్లలు తెలియదు, వినేవాళ్లకు వినే ఓపిక లేదు. చివరికి సర్టిఫికెట్ మాత్రం మెయిల్‌కు వచ్చేస్తుంది.

నేను ఇక్కడ నిజంగా నేర్చుకున్నది స్టాఫ్ రూములో టీ తాగుతూ నేర్చుకున్నాను. మా పిల్లల్లో కొందరు 'స్టూడెంట్' అని రాయమంటే ఎస్, టి, డి, ఎన్, టి అని హల్లులు మాత్రం వరసగా రాసి ఊరుకుంటారు. అజాగ్రత్త అనుకునేవాళ్లే ఎక్కువ. ట్యునీషియా నుంచి వచ్చిన ఒక సహోద్యోగిని అసలు సంగతి చెప్పారు. అరబిక్ రాతలో హ్రస్వ అచ్చులను మామూలుగా రాయరు. సందర్భాన్ని బట్టి చదివేవాళ్లే కలుపుకుంటారు. చిన్నప్పటి నుంచి అలా చదివిన కళ్లు ఇంగ్లిష్ మాట మీద పడ్డా ముందు హల్లులనే వెతుక్కుంటాయి. ఆ మాట విన్నాక నేను వాళ్లకు అచ్చులు తీసేసిన మాటలు ఇచ్చి ఖాళీలు పూరించమనడం మొదలుపెట్టాను. కొన్ని వారాలకే రాతలో తేడా కనిపించింది.

ఇంకోటి. 'హి టీచర్' అని రాస్తారు, మధ్యలో 'ఈజ్' ఉండదు. అరబిక్‌లో వర్తమానంలో ఆ క్రియ అక్కర్లేదు. 'ఆయన టీచరు' అనే మన వాక్యంలోనూ లేదు కదా! ఈ పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో లండన్ నుంచి వచ్చిన టీచరు కంటే తెనాలి నుంచి వచ్చిన టీచరుకే ముందు తట్టాలి. ఇలాంటి తెలివిడి ఒక్కో స్టాఫ్ రూములో బోలెడంత ఉంది. దాన్ని ఒకరి నుంచి ఒకరికి అందించే ఏర్పాటే లేదు.

క్లాసు పరిశీలన ఉందిగా అంటారు. ఉంది. కోఆర్డినేటర్ ఒక ఫారం పట్టుకుని వచ్చి వెనక కూర్చుని టిక్కులు పెడతారు. ఆ మార్కులు నేరుగా రెన్యూవల్ ఫైల్లోకి వెళతాయి. ఇక ఆ రోజు పాఠం పెళ్లిచూపుల్లా కాక మరెలా ఉంటుంది? అందరి దగ్గరా అందుకోసమే తీర్చిదిద్ది పెట్టుకున్న పాఠం ఒకటి ఉంటుంది. ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కని పాఠాన్ని ఆ రోజు బయటపెట్టే సాహసం ఎవరు చేస్తారు? వీసా దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు!

సర్టిఫికెట్లన్నీ వృథా అనడం లేదు. ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే 1958లో హైదరాబాద్‌లో మొదలైన సంస్థ ఈనాటి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). అక్కడ ఇంగ్లిష్ బోధనలో పీజీ డిప్లొమా (పీజీడీటీఈ) చేసినవాళ్లను కూడా గల్ఫ్‌లో 'సెల్టా ఉందా?' అని అడుగుతారు. సెల్టా అంటే ఇంగ్లిష్ టీచర్లకు కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్. అది అన్యాయమే. అయినా సెల్టాలో ఒక గొప్ప సంగతి ఉంది. కనీసం 120 గంటల ఆ కోర్సులో 6 గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పాలి. శిక్షకులు చూస్తారు, తర్వాత కూర్చుని ఏది పనిచేసిందో, ఏది చేయలేదో మాట్లాడతారు. దాని విలువంతా అక్కడే ఉంది. అదే 120 అంకె పెట్టుకుని, ఒక్క విద్యార్థి ముఖం కూడా చూపించకుండా ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు ఉన్నారు. అప్పు చేసి మరీ వాటిని కొంటున్న మనవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్ బోధన మీద అంతర్జాతీయ సదస్సులు జరుపుతుంది. వెళ్లదగ్గవే. కానీ సలాలా నుంచి మస్కట్ సుమారు వెయ్యి కిలోమీటర్లు. కంపెనీ సెలవు ఇవ్వదు, ఇచ్చినా జీతం కోస్తుంది. ఇక వెళ్లేదెవరు?

నేను అడిగేది ఇంతే. పదిహేను రోజులకు ఒక గంట టైమ్‌టేబుల్‌లోనే కేటాయించండి. ఇద్దరిద్దరు టీచర్లు ఒకరి క్లాసులో ఒకరు కూర్చుంటారు. మార్కులు వద్దు, ఫారం వద్దు, పైఅధికారులకు నివేదిక అసలే వద్దు. వారానికి 20 గంటల దాకా పాఠాలు చెప్పి, ఆపైన పేపర్లు దిద్దే మనిషిని 'నీ తీరిక వేళ ఎదుగు' అనడం అన్యాయం. అది పనిలో భాగం కాబట్టి పని గంటల్లోనే జరగాలి.

అచ్చుల సంగతి చెప్పిన ఆ ట్యునీషియా సహోద్యోగిని, నేను ఎవరూ చెప్పకుండానే ఇది చేస్తున్నాం. ఒకరోజు ఆ మేడమ్ నా క్లాసులో చివర కూర్చున్నారు. నేను ప్రశ్న వేస్తే వెనక వరస అబ్బాయిలు నోరు విప్పలేదు. క్లాసయ్యాక ఆవిడ చెప్పారు: 'వాళ్లకు జవాబు తెలుసు. మీరు బోర్డు వైపు తిరగగానే అరబిక్‌లో సరిగ్గానే చెప్పుకున్నారు. దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడానికి ఇంకొంచెం సమయం కావాలి, అంతే.' అరబిక్ రాని నాకు ఈ సంగతి ఏ వెబినార్ చెప్పగలదు? ఇప్పుడు ప్రశ్న వేశాక రెండు నిమిషాలు పక్కవాళ్లతో అరబిక్‌లోనే మాట్లాడుకోనిస్తున్నాను. ఆ తర్వాత చేతులు లేస్తున్నాయి.

కొత్తగా ఇటు రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటర్వ్యూలో జీతం, వసతి, టికెట్ల గురించి అడుగుతారు, అడగాలి కూడా. వాటితో పాటు నా క్లాసు ఎవరు చూస్తారు, చూసినవాళ్లు రాసింది ఎవరి చేతికి వెళుతుంది అని కూడా అడగండి. జవాబు రాతలో ఇమ్మనండి.