కుర్చీ ఖాళీ, పునాది గట్టి

ఆఫీసుల్లో పోస్టులు ఖాళీగా ఉన్నాయని ఊరికే గోల పెట్టేవాళ్లు కాస్త పదార్థ విజ్ఞానం చదువుకుంటే మంచిది.

ఇనుమును కోసే కట్టర్లకు కొన్ని మైక్రాన్ల మందాన టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత వేస్తారు. 800, 900 డిగ్రీల వేడికి ఆ పూతలో టైటానియం ఒకవైపు, అల్యూమినియం ఒకవైపు ముఠాలు కడతాయి. విచిత్రం ఏమిటంటే, ముఠాలు కట్టిన కొత్తలో పూత మరింత గట్టిపడుతుంది. వేడి ఇంకా పెరిగితే అల్యూమినియం నైట్రైడ్ క్యూబ్ ఆకారపు అమరిక వదిలేసి షట్కోణపు అమరికలోకి మారి, ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అక్కడితో గట్టిదనం సరి. అయితే పూత వేసేటప్పుడే నైట్రోజన్ కొంచెం తగ్గించి, దాని స్థానాలు కొన్ని ఖాళీగా వదిలేస్తే ఆ పతనం ఇంకా ఎక్కువ వేడి దాకా వాయిదా పడుతుందని స్వీడన్, జర్మనీ పరిశోధకులు చూపించారు.

తిరుపతిలో లాడ్జి రూము ఖాళీ ఉండదు, బస్సులో సీటు ఖాళీ ఉండదు. మనకు దొరికే ఖాళీ ఆఫీసు కుర్చీ ఒక్కటే. మే నెలలో ఒక ఆఫీసులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన అడుగుతున్నాడు, "సారు ఎప్పుడొస్తాడు నాయనా?"

"ఆ సీటే ఖాళీ పెద్దాయనా. సారు యాడ్నించి వస్తాడు?" అన్నాడు అటెండరు.

బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల ఫైలు అంగుళం కదల్లేదు. ఉష్ణ స్థిరత్వం అంటే అదీ!

ఆ పూత లాంటి స్ఫటికంలో పరమాణువు కదలాలంటే మామూలుగా పక్కన ఖాళీ ఉండాలి. పరమాణువు అందులోకి దూకితే, ఖాళీ అది వదిలిన చోటికి జరుగుతుంది. దీన్నే మనవాళ్లు డిప్యుటేషన్ అంటారు. శ్రీకాళహస్తి నుంచి ఒకరిని తెచ్చి ఇక్కడ కూర్చోబెడతారు, ఖాళీ శ్రీకాళహస్తికి పోతుంది. అక్కడికి పుత్తూరు నుంచి ఇంకొకరిని తెస్తారు. మనుషులు రిటైరవుతారు గానీ, ఖాళీ సర్వీసులోనే ఉంటుంది.

చిన్న తేడా ఒకటి ఉంది, దాచడం ఎందుకు? ఆ పరిశోధకులు ఏ స్థానాలు, ఎన్ని వదలాలో ముందే లెక్క చూసుకుని గ్యాసు తగ్గిస్తారు. హద్దు దాటితే పూత గుణమే మారిపోతుంది. పైగా నైట్రోజన్‌కు బదులు లోహాల స్థానాలు ఖాళీ అయితే పరమాణువుల రాకపోకలు సులువై, ఆ ముఠాలు ఇంకా తొందరగా కట్టే ప్రమాదం ఉంది.

అందుకని ప్రభుత్వానికి మనవి: ఏ కుర్చీ నైట్రోజనో, ఏ కుర్చీ లోహమో తేల్చి వెంటనే జీవో ఇవ్వండి. అటెండరు పోస్టు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ భర్తీ చేసే ఉంచాలి. సీటు ఖాళీ అని చెప్పడానికి ఒక మనిషి కావాలి కదా.